2024 వార్షిక నివేదిక: బాబ్‌క్యాట్ మీద మాట్లాడుకున్న ఏడాది

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

2024లో కొలరాడోలోని మన తెలుగు సంఘం చేసిన పనుల వివరాలు సర్వసభ్య సమావేశం ముందు పెడుతున్నాను. సంక్రాంతి ముగ్గులు, క్రోధి నామ సంవత్సర ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి అన్నీ వేళకు జరిగాయి. ఫోటోలు అందరూ చూశారు కాబట్టి వాటి గురించి విడిగా రాయడం లేదు. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఊరి నుంచి మోసుకొచ్చిన అక్కయ్యకు, బతుకమ్మ పూల కోసం తెల్లారకముందే బయల్దేరిన అరోరా ఆడపడుచులకు, చవితి మండపం కట్టి విప్పిన నలుగురు అన్నదమ్ములకు కమిటీ తరఫున కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దని వాళ్ళే అన్నారు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సిన కార్యక్రమం అక్టోబర్ 19, శనివారం సాయంత్రం జరిగింది. అదే బాబ్‌క్యాట్ అనే అడవి పిల్లి వేట మీద పెట్టుకున్న చర్చ. రాలేని వాళ్ళ కోసం కొంచెం వివరంగా రాస్తున్నాను.

అసలు ఇది మన వాట్సాప్ గ్రూపులో మొదలైంది. వేసవికి ముందు హైలాండ్స్ రాంచ్‌లో ఒక సభ్యుడి ఇంటి కంచె మీద బాబ్‌క్యాట్ కూర్చున్న ఫోటో వచ్చింది. పొట్టి తోక, మచ్చల ఒళ్ళు, మామూలు పిల్లికి రెండింతలు ఉంటుంది. "పిల్లలు బయట ఆడుకుంటారు, కాల్చేయాలి" అని ఒకరు, "దాని అడవిలో మనమే ఇల్లు కట్టాం" అని ఒకరు. రెండు రోజుల్లో రెండొందల మెసేజ్‌లు, నలుగురు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. చదువుతుంటే నాకే టెన్షన్ వచ్చింది. కుందేళ్ళు, ఉడుతలు తిని బతికే ఆ జంతువు మనిషి జోలికి సాధారణంగా రాదు. ఆ మాట అప్పుడు ఎంత చెప్పినా ఎవరూ వినలేదు.

ఇంతలో నవంబర్ 5 బ్యాలెట్‌లో ప్రపోజిషన్ 127, అంటే రాష్ట్ర ఓటర్లే ఔననో కాదనో తేల్చే చట్ట ప్రతిపాదన, ఉంటుందని తెలిసింది. మౌంటెన్ లయన్ (ప్యూమా అనే పెద్ద పిల్లి), బాబ్‌క్యాట్, లింక్స్ (బాబ్‌క్యాట్‌కు దగ్గరి చుట్టమైన అడవి పిల్లి) మూడింటి వేటనూ నిషేధించాలా వద్దా అన్నది ప్రశ్న. ప్రాణానికో, పశువులకో, ఆస్తికో ముప్పు వచ్చినప్పుడు చంపడానికి అందులో మినహాయింపు ఉంది. ఓటుకు వచ్చే అంశాల వివరాలతో రాష్ట్రం ఇంటింటికీ పంపే బ్లూ బుక్‌లో ఆ ఏడాది రాష్ట్రస్థాయి అంశాలే పద్నాలుగు. మనవాళ్ళలో ఎంతమంది అది తెరిచారో నాకు తెలుసు. అందుకే తెలుగులో చదివి వినిపిద్దామనుకున్నాం. మనది పన్ను మినహాయింపు ఉన్న సంస్థ కదా, ఓటు గురించి మాట్లాడొచ్చా అని కొందరు భయపడ్డారు. మనం చేయకూడనిది అభ్యర్థుల ప్రచారం. బ్యాలెట్ అంశాల మీద ఒక హద్దు లోపల మాట్లాడే వీలుంది. అయినా సంఘం ఎటువైపూ తీర్మానం చేయలేదు.

హైస్కూల్ చదువుతున్న మన అమ్మాయి ఒకరు బ్లూ బుక్‌లో ప్రపోజిషన్ 127 గురించి ఉన్నదంతా తెలుగులో చెప్పింది. ఇక్కడే పుట్టిన పిల్ల, "వేటకుక్కలు", "బోను" అనే మాటలు అమ్మమ్మను ఫోన్లో అడిగి నేర్చుకుని వచ్చింది. ఆ పావుగంట చాలు, ఈ ఏడాది కష్టమంతా మర్చిపోవడానికి.

తర్వాత గన్నిసన్ వైపు నుంచి, మన సభ్యుడి సహోద్యోగి అయిన ఒక వేటగాడు మాట్లాడాడు. మూడు గంటలకు పైగా కొండలు దాటి వచ్చాడు. లయన్ వేటకు ముందు పరీక్ష పాస్ కావాలని, ఒక్కో ప్రాంతంలో ఎన్ని చంపొచ్చో లెక్క ఉంటుందని, మాంసం వదిలేయకూడదని చట్టమే చెబుతుందని వివరించాడు. వేటకుక్కలు లయన్‌ను తరిమి చెట్టెక్కించాక కింద నిలబడి ఆడదా మగదా చూసుకుని, వదిలేసి వచ్చిన రోజులే ఎక్కువని చెప్పాడు. చెట్టెక్కి కదల్లేని జంతువును కాల్చడం వేటెలా అవుతుందని మన లాంగ్‌మాంట్ వదిన నిలదీసింది. ఆయన కోప్పడలేదు. 2020లో తోడేళ్ళను తిరిగి తెచ్చే ఓటు ఎలా గెలిచిందో చెప్పాడు. డెన్వర్ చుట్టుపక్కల వాళ్ళు ఔనన్నారు, 2023 డిసెంబర్‌లో తోడేళ్ళను గ్రాండ్ కౌంటీలో వదిలారు, దూడలు పోయింది మాత్రం కొండ అవతలి రైతులవి. ఒక్కో పశువుకు 15,000 డాలర్ల దాకా పరిహారం ఉంది కదా అని ఎవరో అన్నారు. రాత్రంతా మంద దగ్గర మేలుకున్నవాడికి అది సమాధానం కాదన్నాడు.

ఆ మాటకి మన పాలమూరు తమ్ముడు లేచాడు. వాళ్ళ ఊళ్ళో చిరుత మేకల్ని ఎత్తుకుపోయినప్పుడు వాళ్ళ నాయన అటవీశాఖ చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో చెప్పాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో వేట లేదు, మేకల వాడి బాధ మాత్రం అలాగే ఉందన్నాడు. తిరుపతి నుంచి వచ్చిన ఒక అమ్మ 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి చనిపోయిన ఆరేళ్ళ పాప గురించి చెబుతుంటే హాలంతా నిశ్శబ్దమైంది. ఆ తర్వాత కూడా చిరుతల్ని కాల్చలేదు, బోన్లు పెట్టి పట్టుకున్నారు, భక్తుల చేతికి కర్రలిచ్చారు, పిల్లల్ని మధ్యాహ్నం రెండు తర్వాత నడకదారిలోకి రానివ్వలేదు. ఇంత జరిగినా కాల్చమని తాను అడగనని ఆవిడ అన్నారు. ఆ వేటగాడు తమ్ముడితో, ఆవిడతో భోజనాల దగ్గర చాలాసేపు మాట్లాడాడు. మా వంకాయ కూర రెండుసార్లు వడ్డించుకున్నాడు.

నా సొంత అభిప్రాయం కూడా నమోదు చేస్తున్నాను, ఇది సంఘానిది కాదు. మూడు జంతువుల్ని ఒకే ప్రశ్నలో కట్టడం పొరపాటు. లింక్స్‌ను 1999లో తెచ్చి వదిలారు, 2000 నుంచి కేంద్ర చట్టం రక్షణ ఉంది, దాన్ని ఎలాగూ వేటాడకూడదు. లయన్ వేటకు లెక్క ఉంది, మాంసం తినాలన్న నియమం ఉంది. బాబ్‌క్యాట్‌కు ఆ రెండూ లేవు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి చివరి దాకా లైసెన్స్ ఉన్నవాడు ఎన్నయినా చంపొచ్చు, తోలు తీసుకెళ్ళి అధికారుల చేత సీలు వేయించుకుంటే చాలు. 1996లో ఓటర్లు ఇనుప ఉచ్చుల్ని ఆపారు గానీ, బోనులో పట్టి చంపడం ఆగలేదు. తినడానికి కాదు, మందను కాపాడుకోవడానికి కాదు, తోలు కోసం. ఆ ఒక్క జంతువు గురించే అడిగి ఉంటే జనం వేరేగా ఆలోచించేవాళ్ళని నా నమ్మకం. 127 దాదాపు 55 శాతం వ్యతిరేక ఓట్లతో ఓడిపోయింది.

ఇక బాధపడాల్సిన విషయం. చర్చకు వస్తామని పేరిచ్చిన వలంటీర్లలో ఎక్కువమంది రాలేదు, ఫోన్ కూడా చేయలేదు. కుర్చీలు వేసింది కోశాధికారి, వాళ్ళావిడ, నేను. ఒక ప్రభుత్వ కార్యాలయం నుంచి నిపుణుడిని పంపుతామని సెప్టెంబర్‌లో మాటిచ్చారు. ఆ రోజు మధ్యాహ్నం వరకూ మా ఈమెయిళ్ళకు జవాబు లేదు. అంత దూరం నుంచి వేటగాడు రాగలిగాడు, ఊళ్ళో ఉన్న అధికారి రాలేకపోయాడు. ఓటు ఉన్న సభ్యులు కూడా కొందరు "మనకెందుకు ఈ జంతువుల గొడవ" అన్నారు. గ్రీన్‌కార్డు కోసం పదేళ్ళుగా ఎదురు చూస్తూ, ఓటు లేకపోయినా చివరి దాకా కూర్చున్న కుటుంబాలు ఆ రోజు ముందు వరసలో ఉన్నాయి.

జమాఖర్చులు కోశాధికారి విడిగా పంచుతున్నారు. హాలు అద్దె పెరిగింది, దీపావళి టిక్కెట్లతో సరిపోయింది, నిల్వ కొద్దిగా తగ్గింది. ప్రశ్నలుంటే ఆయన్ని అడగండి.

భోజనాలకు ధర తగ్గించిన క్యాటరింగ్ దంపతులకు, మైకు సెట్ ఉచితంగా ఇచ్చిన తమ్ముడికి, గ్రూపులోంచి వెళ్ళిపోయి అక్టోబర్ 19న మళ్ళీ వచ్చి పక్కపక్కనే కూర్చున్న ఆ నలుగురికీ ధన్యవాదాలు. హైలాండ్స్ రాంచ్ సభ్యుడు కంచె దగ్గర పక్షుల గింజలు తీసేశాక బాబ్‌క్యాట్ కనిపించడం లేదట. గింజల కోసం వచ్చే కుందేళ్ళ వెనకే అది వచ్చేదని ఆయనకిప్పుడు అర్థమైంది.

2025 ఉగాదికి వలంటీర్ల జాబితా తలుపు దగ్గర బల్ల మీద ఉంది. రాగలిగిన వాళ్ళే పేరు రాయండి.

ఇట్లు,
కార్యదర్శి