బిల్లు అడుగున ఆ 630 రూపాయలు ఎవరికి?

సంపాదకులకు నమస్కారం.

మాది నిజాంపేటలో అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నెల మెయింటెనెన్స్ 3,500 రూపాయలు. లిఫ్టు, వాచ్‌మన్ జీతం, జనరేటర్ డీజిల్ ఖర్చులతో నాకు పేచీ లేదు. (వేసవి ట్యాంకర్ల లెక్కతో ఉంది గానీ, దానికి వేరే ఉత్తరం కావాలి.) నా అభ్యంతరమల్లా బిల్లు అడుగున కనిపించే ‘జీఎస్టీ 18 శాతం: 630’ గురించే.

యజమానుల సంఘం ఉమ్మడి ఖర్చులకు తన సభ్యుల దగ్గర తీసుకునే సొమ్ము నెలకు 7,500 రూపాయల లోపు ఉంటే జీఎస్టీ లేదు. 2018 జనవరికి ముందు ఈ పరిమితి 5,000. ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటాయి కాబట్టి పన్ను తప్పదని మా కమిటీ అంటోంది. దాటిన మాట నిజమే, మావి 25 లక్షల పైనే. కానీ ఆ 20 లక్షలతో పాటు సభ్యుడి నెల చెల్లింపు కూడా 7,500 దాటితేనే పన్ను పడుతుంది. కేంద్రం 2019 జులైలో ఇచ్చిన సర్క్యులర్‌లో ఇది స్పష్టంగా ఉంది. రెండు ఫ్లాట్లున్న వారికి ఏ ఫ్లాటు పరిమితి ఆ ఫ్లాటుకేనని కూడా అందులోనే చెప్పారు.

ఆరా తీస్తే తేలిందేమిటంటే, బిల్డర్ మనుషులు నిర్వహణ చూసిన రోజుల్లో జీఎస్టీ వేసేవారు. వాళ్లది వ్యాపారం, ఆ మినహాయింపు వాళ్లకు వర్తించదు. బాధ్యత సంఘం చేతికి వచ్చాక కూడా బిల్లులు వేసే యాప్ అదే, అందులోని లెక్కా అదే. తీసేసేవాళ్లు లేక అలాగే ఉండిపోయింది.

రసీదుపై జీఎస్టీ నంబరు ఏదని ట్రెజరర్‌ను అడిగాను. ‘అవన్నీ ఆడిటర్ చూసుకుంటారు ఆంటీ, మీకెందుకు టెన్షన్?’ అన్నాడు. బ్యాంకు క్యాష్ కౌంటర్‌లో పనిచేసిన మనిషిని, నాకు టెన్షన్ లేకుండా ఎలా ఉంటుంది? రిజిస్ట్రేషన్ లేనివాళ్లు జీఎస్టీ పేరుతో రూపాయి కూడా వసూలు చేయకూడదని చట్టంలోనే ఉంది. రిజిస్ట్రేషన్ ఉంటే ఆ నంబరు రసీదు మీద వేయడానికి అడ్డేమిటి? అరవై ఫ్లాట్లకు నెలకు 37,800 రూపాయలు. ప్రభుత్వానికి కట్టారా, సంఘం ఖాతాలోనే ఉందా?

ఇప్పుడు నేను 3,500 మాత్రం గడువులోపే బ్యాంకు ద్వారా పంపి, 630 ఆపుతున్నాను. దాంతో లిఫ్టు పక్కన అంటించిన బకాయిదారుల జాబితాలో నా ఫ్లాటు నంబరు ఎక్కింది. అసలు మెయింటెనెన్సే కట్టని వాళ్లతో కలిపి!

ఇంతవరకు తీసుకున్న అదనపు సొమ్మును రాబోయే బిల్లుల్లో సర్దుబాటు చేయాలని, ఈ విషయం సర్వసభ్య సమావేశం అజెండాలో పెట్టాలని కమిటీకి రాతపూర్వకంగా ఇచ్చాను. వాణిజ్య పన్నుల శాఖ ఈ నిబంధనలను తెలుగులో ఒక పేజీలో అచ్చువేయించి అపార్ట్‌మెంట్ సంఘాలకు పంపితే, మా నోటీసు బోర్డుకు నేనే అంటిస్తాను.

– ఒక ఫ్లాటు యజమానురాలు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని,
నిజాంపేట, హైదరాబాద్