పని పోయిందని రాసిచ్చేదెవరు?

సంపాదకుడు గారికి,

భీమవరం దగ్గర పల్లెలో ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. 2025 ఆగస్టు 27న అమెరికా మన సరకు మీద సుంకం 50 శాతానికి పెంచాక, రొయ్యల ప్లాంట్లలో పని ఆగిపోయిన ఆడవాళ్లు ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కార్డులు పట్టుకుని నా దగ్గరికి వస్తున్నారు. ‘బాబూ, ఇందులో ఏవో డబ్బులొస్తాయంట, చూసిపెట్టవా’ అంటారు.

డబ్బులిచ్చే పథకం ఉన్నమాట నిజమే. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని 2018లో పెట్టారు. ఉపాధి పోయిన బీమా కార్మికులకు సగటు రోజు కూలిలో సగం చొప్పున 90 రోజుల వరకు ఇస్తారు. జీవితం మొత్తానికీ ఆ 90 రోజులే. చిక్కంతా అర్హత దగ్గర వస్తోంది. పని పోవడానికి ముందున్న ఆర్నెల్ల చందా కాలంలో 78 రోజుల చందా (ఈఎస్ఐకి కట్టే సొమ్ము) ఉండాలి, దానికి ముందు కాలాల్లో ఇంకోదాంట్లోనూ అన్ని రోజులుండాలి. రొయ్యలు ఒలిచే పని నెలంతా ఉండదు కదా! చెరువుల పట్టుబడి ఉంటే తెల్లవారుజామున వ్యాను వస్తుంది, లేకపోతే లేదు.

మొన్న ఒకావిడ వచ్చింది. ఐసు నీళ్లలో నానీ నానీ వేళ్ల చివర తోలు లేచిపోయింది, మూడుసార్లు పెట్టినా వేలిముద్ర పడలేదు. ఓటీపీ తెప్పించి చూస్తే ఆర్నెల్లకు 61 రోజుల చందానే కనబడింది. ‘అదేంటి, అంతకంటే ఎక్కువే వెళ్లానే’ అని స్క్రీను వంక అలాగే చూస్తూ కూర్చుంది. మధ్యలో కాంట్రాక్టరు మారాడట. పనిలోంచి తీసేసినట్టు కాగితం ముక్కయినా లేదు. ‘రేపట్నుంచి వ్యాను రాదు, పిలిచినప్పుడు రండి’ అని మేస్త్రీ ఫోన్ చేశాడు, అంతే. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన కొత్త కార్మిక చట్టంలో, రిట్రెంచ్ అయిన, అంటే యజమాని పనిలోంచి తగ్గించేసిన కార్మికుడి ఖాతాలో 15 రోజుల వేతనం వేయాలని ఉంది. పిలిచినప్పుడు రమ్మన్న మనిషిని రిట్రెంచ్ అయినట్టు ఎవరు రాసిస్తారు?

ఎగుమతిదారులకు కేంద్రం 20,000 కోట్ల రూపాయల రుణ హామీ పథకం తెచ్చింది. 2025 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా పడే అప్పు వాయిదాలకు రిజర్వు బ్యాంకు గడువిచ్చింది. వాటిని నేను తప్పుపట్టను, ప్లాంటు నిలబడితేనే కూలి దొరికేది. కానీ అదంతా బ్యాంకులో అప్పున్నవాళ్లకు అందే సాయం. ఒలుపు షెడ్డులో నిలబడే మనిషికి అందే దారేదీ అందులో నాకు కనబడలేదు.

విదేశీ వాణిజ్యం వల్ల పని పోయినవాళ్లను గుర్తించి సాయం చేసే చట్టం అమెరికాలో 1962లోనే వచ్చింది. ఒక యూనిట్‌లోని ముగ్గురు కార్మికులు కలిసి అర్జీ పెడితే చాలు, కార్మిక శాఖే యజమాని దగ్గర లెక్కలు తెప్పించుకుని తేల్చేది. అలా కొత్తగా తేల్చి ధ్రువీకరించడం 2022 జులై 1 నుంచి ఆగిపోయింది, అది వేరే సంగతి. 2010లో అక్కడి వ్యవసాయ శాఖ, దిగుమతి రొయ్యల వల్ల దెబ్బతిన్నారని తమ రొయ్యల జాలర్లను కూడా ఇలాంటి సాయానికే అర్హులుగా గుర్తించింది. 2025లో వాళ్ల సుంకం దెబ్బ మన ఒలుపు కూలీల మీద పడితే, దెబ్బ తగిలిందని రాసుకునే దస్త్రం కూడా మనకు లేదు.

రుణ హామీ తీసుకునే ప్రతి ప్లాంటూ ఆగస్టు తర్వాత పని ఆపిన కూలీల జాబితా, కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్లతో సహా, కార్మిక శాఖకు ఇవ్వాలని షరతు పెట్టాలి. ఆ జాబితాలో ఉన్నవాళ్లకు 78 రోజుల నిబంధన సడలించాలి. ముగ్గురు కలిసి అర్జీ పెడితే లేబర్ ఆఫీసరే ప్లాంటుకు వెళ్లి హాజరు పట్టీ చూసే ఏర్పాటు రాష్ట్ర ప్రభుత్వం చేయాలి. దీనికోసం మన ఎంపీలు ఈఎస్ఐ కార్పొరేషన్ మీద ఒత్తిడి తేవాలి.

ఆవిడ కార్డు జిరాక్సు నా టేబులు సొరుగులోనే ఉంది. సడలింపు వచ్చిన రోజే దరఖాస్తు పెడతానని చెప్పి పంపాను.

– ఒక పాఠకుడు,
పశ్చిమ గోదావరి జిల్లా