కిరణ్‌కి, నీ గేమ్‌లో గాయాల సంగతి

ఒరేయ్ కిరణ్,

నువ్వు తయారుచేస్తున్న ఆన్‌లైన్ గేమ్ గురించి పంపిన డిజైన్ ఫైలు మొత్తం చదివా. మ్యాపు, క్వెస్టులు, ఆయుధాల పట్టిక బాగానే ఉన్నాయి, వాటి జోలికి పోను. గాయాల పేజీ గురించే ఈ ఉత్తరమంతా. దెబ్బ తగిలితే హెచ్‌పీ (పాత్రకి మిగిలిన ప్రాణం లెక్క) తగ్గుతుంది, మందు తాగితే పెరుగుతుంది, గాయమైతే పది నిమిషాల పాటు దాడి 20 శాతం తగ్గుతుంది అన్నావు. ఆ మూడో ముక్కే కొంప ముంచుతుందిరా.

లెక్కేసి చూద్దాం. ఆటగాడికి 1000 హెచ్‌పీ, రాక్షసుడికీ అంతే. మనవాడు సెకనుకు 50 కొడతాడు, వాడు 30 కొడతాడు. ఒంటి మీద గాయం లేకపోతే 20 సెకన్లలో పని అయిపోతుంది, మనవాడికి ఇంకా 400 మిగులుతుంది. ఒక్క గాయమైతే దాడి 40కి పడుతుంది. పోరు 25 సెకన్లు సాగి 250 మిగులుతుంది. నీ పట్టిక ప్రకారం రెండో గాయం మొదటిదాని మీద కలుస్తుంది కాబట్టి దాడి 30కి దిగుతుంది. 33 సెకన్లు పట్టేసరికి మనవాడు కూడా చస్తాడు. ఓడిపోతున్నవాణ్ణి ఇంకాస్త ఓడించడం, గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. ఇలాంటి గేమ్‌లో గాయపడ్డవాడు చేసేది ఒక్కటే, సత్రంలో నిలబడి ఫోన్ చూసుకోవడం.

గాయం బలాన్ని తగ్గించకూడదు, ఆడే ఎత్తుగడ మార్చుకునేలా చేయాలి. కాలికి దెబ్బ తగిలితే పరుగు పోనీ, నడక మామూలుగా ఉండనీ. చేతికైతే రెండు చేతుల కత్తి పట్టలేడు, డాలూ చిన్న కత్తీ వాడుకుంటాడు. తలకైతే 2 సెకన్ల కంటే పొడవైన మంత్రాలు చెదిరిపోతాయి, చిన్నవి పనిచేస్తాయి. అప్పుడు గాయపడ్డవాడు కూడా ఆడుతూనే ఉంటాడు, కాకపోతే వేరేలా ఆడతాడు.

హెచ్‌పీని, గాయాన్ని విడదీయి. ఇది మాత్రం పట్టుబట్టి చెప్తున్నా. కవచం పోను ఒక్క దెబ్బలో మొత్తం హెచ్‌పీలో 20 శాతం పోతేనే గాయం పడే అవకాశం ఇవ్వు, అదీ నాలుగింట ఒక్కసారి. 35 శాతం పోతే గాయం ఖాయం. ఒక గాయం పడ్డాక 20 సెకన్ల దాకా రెండోది పడకూడదు, మొత్తం మూడు దాటకూడదు. ఈ హద్దులు లేకపోతే ముందు నిలబడి జట్టు కోసం దెబ్బలు కాచే ట్యాంకు ప్రతి బాస్ (పెద్ద రాక్షసుడు) దగ్గరా కుంటుతాడు, వారం తిరక్కుండా నీ గేమ్‌లో ట్యాంకులే మిగలరు.

రక్తస్రావాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. గాయం నుంచి రక్తం కారి 3 సెకన్లకు 2 శాతం హెచ్‌పీ పోవడం అంటే 1000లో 20, సెకనుకు ఏడు కూడా కాదు. రెండున్నర సెకన్లకోసారి 150 నింపే వైద్యుడు పక్కన ఉంటే అది లెక్కలోకే రాదు. అందుకని ఒక్కో గాయానికి హెచ్‌పీ పైకప్పు, అంటే నిండగలిగే గరిష్ఠ హద్దు, 10 శాతం దించు, అంటే మూడు గాయాలవాడు 700 దాటి నిండడు. మంత్రం హెచ్‌పీని నింపాలి, పైకప్పు లేవాలంటే మాత్రం కట్టు కావాలి. మంత్రంతోనే అన్నీ నయమైతే కట్లు కొనేవాడెవడు, పత్తి ఏరి గుడ్డ నేసే కొత్త ఆటగాడి సరుకు ఎవడికి కావాలి?

కట్టు విషయంలో పాత గేములు చూడు. 1997 నాటి అల్టిమా ఆన్‌లైన్‌లో తనకి తాను కట్టు కట్టుకోవడం కంటే పక్కవాడికి కట్టడం త్వరగా అయిపోయేది. మధ్యలో దెబ్బ తగిలితే వేళ్ళు జారి, నిండే హెచ్‌పీ తగ్గేది, పని మాత్రం పూర్తిగా చెడేది కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో దెబ్బ తగిలితే కట్టు మొత్తానికే ఆగిపోయేది, పైగా ఒకసారి కట్టాక నిమిషం దాకా మళ్ళీ కుదిరేది కాదు. 2018లో అక్కడ ఫస్ట్ ఎయిడ్ అనే వృత్తినే తీసేసి, కట్ల తయారీని దర్జీలకు అప్పగించారు. నన్నడిగితే నీకు అల్టిమా పద్ధతే నయం. తనకైతే 10 సెకన్లు, పక్కవాడికైతే 5 పెట్టు. మధ్యలో తగిలిన ఒక్కో దెబ్బకీ 2 సెకన్లు పెంచు, కట్టు మాత్రం పాడుచేయకు.

వైద్యుడి పాత్ర గురించి ఒక్క పేరా రాసి వదిలేశావేంట్రా? జెమ్‌స్టోన్ అనే టెక్స్ట్ గేమ్‌లో (బొమ్మల్లేకుండా అక్షరాలతోనే ఆడేది) ఎంపాత్ అనే వైద్యులుంటారు. వాళ్ళు ఎదుటివాడి గాయాన్ని తమ ఒంటి మీదకి తీసుకుని, తర్వాత తాము మాన్పుకుంటారు. ఊరి కూడలిలో కూర్చుని గాయపడ్డవాళ్ళని చూస్తారు, వాళ్ళిచ్చే చిల్లర పుచ్చుకుంటారు. కబుర్లూ అక్కడే నడుస్తాయి. నీకు కావాల్సింది అలాంటి చోటు. కాకపోతే వైద్యం నైపుణ్యాన్ని ఎన్ని కట్లు కట్టాడన్న లెక్కతో పెంచావో, ఇద్దరు మిత్రులు మాక్రో (మీటలు దానంతటదే నొక్కే ప్రోగ్రాం) పెట్టుకుని రాత్రంతా ఒకర్నొకరు గుద్దుకుంటారు. రాక్షసులు చేసిన గాయాలకే పాయింట్లివ్వు. ఒకే రోగికి రోజులో నాలుగోసారి నుంచి సున్నా. రెండో అకౌంటుతో వైద్యుణ్ణి పెట్టుకునేవాళ్ళు ఎటూ ఉంటారు, వాళ్ళ వెనక పడి టైం వేస్ట్ చేసుకోకు.

లాగౌట్ అయ్యాక గాయం మానాలా అంటే, ఆటలో ఉన్నంత వేగంగా మానితే అందరూ గాయం కాగానే వెళ్ళిపోతారు. అసలు మానకపోతే లాగిన్ అయ్యి ఊరికే నిలబడతారు. బయట ఉన్నప్పుడు నాలుగో వంతు వేగంతో మాననీ. ఆటలో వంట, చేపలు, బేరం లాంటి పోరు లేని పనులు చేసేవాడికి రెట్టింపు వేగం ఇవ్వు. రక్తం కారుతుండగా కనెక్షన్ తెంపితే మాత్రం పాత్ర 30 సెకన్లు అక్కడే ఉండాలి.

కోడ్‌లో మూడు చోట్ల జాగ్రత్త. ప్రతి సెకనూ గాయం విలువ తగ్గించి డేటాబేస్‌లో రాయకు. 500 మందికి మూడేసి గాయాలంటే సెకనుకు 1500 రాతలు. మొదలైన సమయం, తీవ్రత దాచుకుని, చదివేటప్పుడు లెక్కగట్టు. ఒకే టిక్‌లో (సర్వర్ ఒక్కసారి లెక్కగట్టే క్షణంలో) వైద్యమూ రక్తస్రావమూ పడితే ముందు వైద్యం వేయి. స్క్రీన్ మీద కట్టు పూర్తయిందని చూసినవాడు మరుక్షణం చస్తే నిన్నే తిడతాడు. పది గోబ్లిన్లు ఒకేసారి గీరితే పది రక్తస్రావాలు కూడకు, పెద్దది ఒక్కటి ఉంచి గడువు పెంచు. ఎవరి వల్ల మొదలైందో ఆ ఐడీ కూడా దాచు, లేకపోతే ఆటగాళ్ళ మధ్య పోరులో చంపిందెవరన్న గొడవ తేలదు.

చచ్చి లేచినవాడికి శిక్ష చిన్నదిగా పెట్టు. ఫైనల్ ఫాంటసీ 14లో పోరులో లేపితే 100 సెకన్లు బలహీనత, ముఖ్యమైన గుణాలు 25 శాతం తగ్గుతాయి, అంతే. నీ ఫైలులో ఉన్న అరగంట శిక్ష ఎవడూ భరించడు.

ధరలు ఇప్పుడే ఖాయం చేయకు. గంట వేటలో వచ్చే సంపాదనలో వైద్యానికి పదో వంతు పోతే సరిపోతుందని నా అంచనా. ముందు గాయం ఎక్కడైంది, ఎవరి వల్ల, కట్టు పడేదాకా ఎన్ని సెకన్లు, తర్వాత ఆ ఆటగాడు ఏం చేశాడు, ఈ నాలుగూ లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) పడేలా చూడు. రెండు వారాల లాగ్ పంపావంటే కూర్చుని అంకెలు సరిచేద్దాం.

నీ
రాజు