వేరేవాళ్లు కట్టించిన జీపు కొన్నాక

అయ్యా,

మోడిఫై చేసిన బండ్ల గురించి పేపర్లో వచ్చే వార్తలు రెండే రకాలు. ఒకటి, ఫలానా కుర్రాడి జీపు చూడండి ఎంత జోరుగా ఉందో అని ఫోటో. రెండోది, పోలీసులు సైలెన్సర్లు రోడ్డు మీద వరసగా పేర్చి రోలరుతో తొక్కించారని ఫోటో. ఈ రెండు ఫోటోల్లోనూ కనపడని వాళ్లు కొందరున్నారు. వాళ్లు బండి కట్టరు. ఇంకొకరు కట్టించుకున్న బండిని కొని, దాన్ని తమకు తగ్గట్టు సర్దుకుంటారు. నేనూ వాళ్లలో ఒకణ్ని కాబట్టి ఈ ఉత్తరం.

జీపు కొత్తగా కట్టించాలంటే మంచి చాసిస్ (బండి మొత్తం నిలబడే ఇనప చట్రం) దొరకాలి, మాట మీద నిలబడే వెల్డర్ దొరకాలి, నెలల తరబడి షెడ్డు చుట్టూ తిరగాలి, మొదట చెప్పే రేటు ఒకటి, చివరికి తేలేది ఇంకొకటి. అందుకే ఉద్యోగాలు, వ్యాపారాలు ఉన్నవాళ్లు చాలామంది కట్టి ఉన్నదే కొంటారు. హర్యానాలో మండీ డబ్వాలీ అని జీపులు కట్టడానికి పేరుపడ్డ ఊరుంది, అక్కడి నుంచి లారీ మీద వేయించుకొని తెప్పించుకునేవాళ్లు ఉన్నారు. మన దగ్గర కూడా ఎన్నికలప్పుడు ప్రచారానికి ఓపెన్ టాప్ కావాలని కట్టించి, ఆ సందడి అయిపోగానే బేరం పెట్టేవాళ్లకు కొదవ లేదు. నాది కనిగిరి వైపు ఒక రైతు సొంతానికి కట్టించుకున్న పాత మహీంద్రా. ఆయన పిల్లలు బెంగళూరులో స్థిరపడ్డారు, ఆయనకు మోకాళ్ల నొప్పులు, అందుకని నాకు అమ్మాడు.

కొన్న రోజు నుంచి వినపడే మాట ఒకటే. "ఏందన్నా, నువ్వు కట్టింది కాదు గదా, దీంట్లో నీ గొప్పేముంది?" ఈ ఎత్తిపొడుపు మన ఊళ్లకే పరిమితం కాదులెండి. అమెరికాలో హాట్ రాడ్ అని ఒక పిచ్చి ఉంది, పాత ఫోర్డ్ కార్ల మడ్‌గార్డులు, బంపర్లు ఊడదీసి తేలిక చేసి, కాలిఫోర్నియాలో ఎండిపోయిన సరస్సుల మీద పరుగులు తీయించిన కుర్రాళ్లతో మొదలైంది. 1932లో ఫోర్డ్ సామాన్యుడికి అందే ధరలో వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్ పెట్టి కారు వదిలాక అది ఇంకా ముదిరింది. అక్కడ కూడా "కట్టింది, కొన్నది కాదు" అని స్టిక్కర్లు అంటించుకొని తిరిగేవాళ్లున్నారు. వాళ్ల చేతి పనిని నేను తక్కువ చేయను. కానీ ఒకరు కట్టిన బండిని చేతికి తీసుకొని, అందులో ఏ తీగ ఎక్కడికి పోతుందో తెలుసుకొని, భయం లేకుండా పిల్లల్ని ఎక్కించుకునే స్థితికి తేవడం కూడా పనే. పైగా కట్టినవాడికి తను ఏం చేశాడో తెలుసు, కొన్నవాడు అంతా వెతుక్కోవాలి.

ఒంగోలు గిత్తను బేరమాడే రైతు కొమ్ములకు వేసిన రంగు చూసి డబ్బులు తీయడు, నోరు తెరిచి పళ్లు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు. జీపు కొనే కుర్రాళ్లు మాత్రం లైట్లు, టైర్లు చూసి అడ్వాన్స్ ఇచ్చేస్తున్నారు. ముందు చూడాల్సింది చాసిస్ నంబరు. మసి, గ్రీజు తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు పడతాయి, అవి ఆర్‌సీతో కలవాలి. ఇంజన్ నంబరూ అంతే. ఆ చుట్టుపక్కల గ్రైండర్ గీతలు గానీ కొత్త వెల్డింగ్ గానీ కనపడితే ఆ జీపు ఎంత అందంగా ఉన్నా దండం పెట్టి వచ్చేయడమే. చాసిస్ నంబరు కలవని బండికి రంగులు వేసుకోవడం దండగ. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, ఆ తర్వాత తనిఖీ చేయించుకొని ఐదేళ్లకొకసారి రెన్యువల్, పాత జీపులన్నీ ఈ రెండో బాపతే కాబట్టి ఆ తేదీ కూడా చూసుకోవాలి. బండి చేతులు మారాక 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్ మన పేరు మీదికి మార్చమని అర్జీ పెట్టుకోవాలి, ఇది చాలామంది పట్టించుకోరు.

కాగితాలు అయ్యాక డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి చూడాలి. నా జీపులో అక్కడ కనపడింది ఇది: హెడ్‌లైట్‌కు ఎర్ర తీగ, హారన్‌కు ఎర్ర తీగ, పాటల డబ్బాకు ఎర్ర తీగ, ఫోన్ ఛార్జర్‌కు కూడా ఎర్ర తీగే, అన్నీ కలిపి మెలిపెట్టి నల్ల టేపు చుట్టారు, ఆ టేపు ఎండకు జిగురు కారిపోయి ఊడి వేలాడుతోంది. హెడ్‌లైట్ తీగకు ఫ్యూజు లేదు. బల్బులు మామూలు 60/55 వాట్లవి కాదు, 100/90 వాట్లవి. పాత సన్న తీగలోంచి, స్విచ్‌లోంచే అంత కరెంటు లాగితే హోల్డర్ కరగక ఏమవుతుంది? ముట్టుకుంటే ఒక పక్క ప్లాస్టిక్ అప్పటికే గోధుమరంగు తిరిగి పొడిపొడిగా రాలింది. రోహిణి కార్తెలో అద్దంకి రోడ్డు మీద బండి తగలబడితే మర్నాడు మీ పేపర్లో "షార్ట్ సర్క్యూట్" అని ఒక్క మాట వస్తుంది, ఆ ఒక్క మాట వెనక ఉండేది ఇదే.

రంగు, రెక్సిన్, స్టీరింగ్ అన్నీ పక్కనపెట్టి ముందు వైరింగ్ మొత్తం పీకించాను. ఒక్కో పనికి ఒక్కో రంగు తీగ, ఒక్కో ఫ్యూజు, హెడ్‌లైట్లకు రిలే (స్విచ్ మీద భారం పడకుండా కరెంటు అందించే చిన్న డబ్బా), బల్బులు మామూలువి. బయటికి ఏమీ కనపడని ఖర్చు ఇది, ఇంట్లో అడిగారు కూడా, ఇన్ని వేలు పోస్తే బండిలో తేడా ఏదని. తేడా కనపడకపోవడమే దాని గొప్ప!

ఇంకో చిక్కు విడిభాగాల షాపులో వస్తుంది. కౌంటర్ దగ్గర "ఏ బండికి?" అంటాడు. ఏమని చెప్పాలి? బండి పాత మహీంద్రా, స్టీరింగ్ బాక్స్ బొలెరోది, ముందు బ్రేకులు ఇంకేదో బండివి, సీట్లు ఒక కారువి, రేడియేటర్ దేనిదో దేవుడికే తెలియాలి. అందుకే కట్టించిన రైతుకే ఫోన్ చేశాను. ఆయన సంతోషంగా, ఒక పూటంతా, ఏ ముక్క ఎక్కడ కొన్నాడో, ఏ మేస్త్రీ బిగించాడో కథలు కథలుగా చెప్పాడు. అన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకున్నాను: ఫ్యాన్ బెల్ట్ నంబరు, బ్రేక్ ప్యాడ్ ఏ మోడల్‌ది, బేరింగ్ మీద ఏం చెక్కి ఉంది. ఇప్పుడు ఆ పుస్తకం టూల్ బాక్సులోనే ఉంటుంది. కట్టిన బండి అమ్మేవాళ్లు తాళాలతో పాటు ఇలాంటి పుస్తకం ఒకటి ఇస్తే కొన్నవాడికి సగం టెన్షన్ తగ్గుతుంది, కొనేవాళ్లు కూడా సిగ్గుపడకుండా అడగాలి. చెప్పడానికి నసిగితే అనుమానించాలి.

ఇక నాకు తగ్గట్టు సర్దుకోవడం. ఆ రైతు ఆరడుగుల మనిషి, నేను ఐదడుగుల నాలుగంగుళాలు. ఆయన సీటులో కూర్చుంటే క్లచ్ పూర్తిగా తొక్కడానికి నేను నడుము జరపాల్సి వచ్చేది. సీటు పట్టాలు ముందుకు జరిపించి, కింద దిమ్మ వేయించి ఎత్తు పెంచాం, స్టీరింగ్ పొట్టకు తగలకుండా చూసుకున్నాం. ఈ ఒక్క పనితో బండి నాదనిపించినంత, రంగు వేసినా అనిపించేది కాదు. సీటు బోల్టుల కింద పల్చటి రేకు ఒక్కటే ఉంటే సరిపోదు, మందపాటి పట్టీ వేయించి బిగించాలి, బ్రేకు గట్టిగా కొడితే మనిషి బరువంతా ఆ నాలుగు బోల్టుల మీదే పడుతుంది.

ఆ తర్వాత నేను చేసినవాటిలో పెట్టించిన వాటికంటే పీకించినవే ఎక్కువ. నాలుగు రాగాలు పలికే హారన్ పోయింది, అది చట్టప్రకారం కూడా కుదరదు. పైన ఎల్ఈడీ లైట్ల బద్దె పోయింది, దాంతో ఎదురొచ్చేవాళ్ల కళ్లు పోవడం తప్ప నాకు ఒరిగేదేం లేదు. ముందున్న ఇనప కమ్మీల బంపర్ పోయింది, నడిచేవాళ్లకు అది తగిలితే ఎంత ప్రమాదమో 2017లోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. పెద్ద టైర్లూ పోయాయి. కుర్రాళ్లకు ఈ టైర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. 235/75 ఆర్15 సైజు టైరు, అంటే సుమారు 29 అంగుళాల ఎత్తున్నది, తీసి 31 అంగుళాలది వేస్తే చుట్టుకొలత దాదాపు 7 శాతం పెరుగుతుంది, మీటర్లో 60 చూపిస్తుంటే బండి నిజంగా 64లో పోతుంటుంది. అంత బరువైన చక్రాన్ని ఆపాల్సిన బ్రేకులు మాత్రం పాతవే. చక్రం బయటికి పొడుచుకొచ్చేలా వెనక స్పేసర్లనే బిళ్లలు కూడా పెడితే బేరింగ్‌ల మీద భారం పడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఫోటోకు మాత్రం బాగుంటుంది, నిజమే.

ఆయన పనిలో నేను ముట్టుకోనివీ ఉన్నాయి. వెనక ఎక్కడానికి పాత కమాన్ పట్టీ (బండి అడుగున ఉండే స్ప్రింగు పట్టీ) వంచి చేయించిన మెట్టు ఉంది, కాలు పడి పడి నున్నగా అద్దంలా మెరుస్తుంటుంది, అలాంటి మెట్టు ఏ షాపులోనూ దొరకదు. డ్రైవర్ పక్కన నీళ్ల బిందె కదలకుండా చేయించిన రింగు కూడా అలాగే ఉంచాను, మా ఇంట్లో దాన్ని చూసి నవ్వుతారు.

బండి ఊరు మారితే దాని అవసరాలూ మారతాయి, ఇది మేస్త్రీలు కూడా చెప్పరు. కనిగిరిలో మెట్ట నేల, పొడి గాలి, అక్కడ ఫ్లోర్ రేకు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. నేను కొత్తపట్నం తీరానికి తరచూ పోతాను, ఆ ఉప్పు గాలికి బోల్టు తలలు ముందు ఎర్రబారతాయి, తర్వాత ఫ్లోర్ మ్యాట్ కింద తడి నిలిచి రేకు లోపలి నుంచి తినేస్తుంది. మ్యాట్లు తీయించి, రేకుకు ప్రైమర్ కొట్టించి, నీళ్లు పోవడానికి అడుగున రంధ్రాలు పెట్టించాం. మైపాడు వైపు వెళ్లే నెల్లూరు వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఇసుకలో తిప్పి వచ్చాక బండిని పైన కడగడం కాదు, కింద కడగాలి.

ఇప్పుడు అసలు విషయం, నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. చట్టం ఉండాల్సిందే, రోడ్డు మీద కనపడే కొన్ని బండ్లను చూస్తే ఇంకా గట్టిగా ఉండాలనిపిస్తుంది. కానీ నా జీపుకు ముందు డిస్క్ బ్రేకులు ఉన్నాయి, పాత డ్రమ్ముల కంటే అవి మంచివని ఏ మెకానిక్‌ను అడిగినా చెబుతాడు. పవర్ స్టీరింగ్ కూడా అంతే. వీటిని చూపించి, పరీక్ష చేయించి, ఆర్‌సీలో రాయించుకుందామంటే ఎక్కడికి పోవాలి? ఒక్కొక్కరు ఒక్కో మాట. ఏజెంట్ అయితే "ఎందుకు సార్ కదిలించడం, మాట్లాడకుండా తిరగండి" అన్నాడు. ఆ మాట వినే అందరూ మాట్లాడకుండా తిరుగుతున్నారు, ఇన్సూరెన్స్ వాళ్లకూ చెప్పరు, ప్రమాదం జరిగి క్లెయిమ్ తిప్పి పంపినప్పుడు లబోదిబోమంటారు.

2021లో కేంద్రం 50 ఏళ్లు దాటిన పాత బండ్లకు విడిగా వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది, మంచిదే, కానీ అది చాసిస్, బాడీ, ఇంజన్ మార్చని బండ్లకు మాత్రమే. నా జీపులా మార్చిన బండికి అందులో దారి లేదు. బ్రిటన్‌లో సొంతంగా కట్టిన లేదా బాగా మార్చిన బండిని ఒక్కొక్కదాన్నే పరీక్షించి రోడ్డెక్కనిచ్చే పద్ధతి ఉంది. కాలిఫోర్నియాలో అలా కట్టిన బండ్లకు ఏటా మొదటి 500కు పొగ పరీక్షలో మినహాయింపు ఇచ్చే చట్టం ఉంది. మనకు పొగ మినహాయింపులేమీ వద్దు, జీపులున్నవాళ్లు దయచేసి అది అడగొద్దు కూడా. బ్రేకు, స్టీరింగ్, వైరింగ్, వెల్డింగ్ చూసి, పాసయితే కాగితం ఇవ్వండి, ఫెయిలయితే బండి ఆపేయండి. ఫీజు ఎంతో చెబితే కట్టుకుంటాం.

అది ఢిల్లీలో తేలాల్సిన పని, ఆలస్యం అవుతుందని తెలుసు. ఈలోపు ఒంగోలు, నెల్లూరు రవాణా కార్యాలయాల బయట తెలుగులో ఒక బోర్డు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఏ మార్పు అసలు కుదరదు, దేనికి ముందు అనుమతి తీసుకోవాలి, రంగు మారిస్తే ఆర్‌సీలో ఎలా మార్పించుకోవాలి, పక్క రాష్ట్రం బండికి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) ఎక్కడ అడగాలి, ఇవి రాస్తే చాలు. మీరు కూడా రోలరు ఫోటో పక్కన ఈ వివరాలు నాలుగు లైన్లు వేయండి. కార్యాలయం వాళ్లు బోర్డు రాయించడానికి డబ్బుల్లేవంటే, నాకు వైరింగ్ చేసిన మేస్త్రీ తమ్ముడు బోర్డులు రాస్తాడు, ఆ ఖర్చు నేను పెట్టుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఒంగోలు