అంచు కత్తిరిస్తే పేరు పోతుంది

సంపాదకులు గారికి నమస్కారం.

కేలండర్లలో, డైరీ అట్టల మీద, పత్రికల ఆదివారం పేజీల్లో ఒక తాజ్‌మహల్ బొమ్మ తరచూ కనిపిస్తోంది. రాత్రి వేళ, బొమ్మంతా నీలం. కింద ‘జపాన్ పెయింటింగ్’ అని ఉంటుంది, లేదంటే ఏమీ ఉండదు. అది పెయింటింగ్ కాదు. చెక్క దిమ్మల మీద చెక్కి, ఒక్కో రంగునూ విడివిడిగా కాగితానికి ఎక్కించి తీసిన అచ్చు. చేయించినవారు జపాన్ చిత్రకారుడు హిరోషి యోషిదా. ఆయన తన అచ్చుల కింది అంచులో పెన్సిల్‌తో సంతకం పెట్టేవారు, పక్కనే బొమ్మ పేరు కూడా రాసేవారు. పేజీలో పట్టడం లేదని మనవాళ్లు ముందు కత్తిరించేది ఆ అంచునే. ఈ పద్ధతి మానమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

యోషిదా 1876లో జపాన్‌లోని క్యూషూ దీవిలో, కురుమే పట్టణంలో పుట్టారు. కుర్రవాడి చేతిలో కళ ఉందని గుర్తించి డ్రాయింగ్ మాస్టారు దత్తత తీసుకున్నారు. యోషిదా అన్న ఇంటిపేరు ఆ మాస్టారిదే. 1899లో ఒక స్నేహితుడితో కలిసి, నీటిరంగుల బొమ్మలు చంకన పెట్టుకుని అమెరికా వెళ్లారు. డెట్రాయిట్ మ్యూజియంలో ప్రదర్శన పెడితే అవి బాగా అమ్ముడుపోయాయి. నలభై దాటేదాకా ఆయన బ్రష్షు పట్టిన చిత్రకారుడే. చెక్క అచ్చుల వైపు వచ్చింది 1920లో, వతనబె షోజబురో అనే పబ్లిషర్ ద్వారా. 1923 సెప్టెంబరు 1న టోక్యో ప్రాంతంలో వచ్చిన కాంతో భూకంపం, దాని వెంట లేచిన మంటలు వతనబె దుకాణాన్ని దిమ్మలతో సహా బూడిద చేశాయి. నష్టపోయిన తోటి చిత్రకారుల బొమ్మలు అమ్మిపెడదామని యోషిదా మళ్లీ అమెరికా వెళ్లారు. అక్కడివాళ్లకు జపాన్ చెక్క అచ్చులంటే ఎంత మోజో అప్పుడు కళ్లారా చూశారు. 1925లో తిరిగొచ్చి, ఏభైకి దగ్గరపడిన వయసులో సొంత వర్క్‌షాప్ పెట్టారు.

ఆ వయసులో అంత పని నెత్తికెత్తుకోవడం మామూలు విషయం కాదు. జపాన్‌లో అప్పటిదాకా ఉన్న పద్ధతిలో బొమ్మ గీసేది ఒకరు, చెక్కేది ఒకరు, అచ్చు వేసేది ఇంకొకరు. డబ్బు పెట్టేదీ, చివరి మాట చెప్పేదీ పబ్లిషర్. యోషిదా ఆ పెత్తనం తన చేతిలోకి తీసుకున్నారు. చెక్కడం, అచ్చు వేయడం తానూ నేర్చుకుని పనివాళ్ల పక్కనే ఉండి పని చేయించారు.

పని ఎలాంటిదంటే, ముందు చెర్రీ చెక్క దిమ్మ మీద గీతలు ఉబ్బెత్తుగా మిగిలేలా చుట్టూ తవ్వుతారు. తర్వాత రంగు రంగుకీ దిమ్మ కావాలి. దిమ్మ అంచున రెండు చిన్న గంట్లు ఉంటాయి, ఒకటి మూలన, ఇంకొకటి పక్కన. తడి కాగితాన్ని ప్రతిసారీ సరిగ్గా ఆ గంట్లకు ఆనించాలి. ఒక వెంట్రుక వాసి పక్కకు జరిగినా కొండ ఒకచోట, దాని నీలం ఇంకోచోట పడతాయి. కాగితం తడి ఆరినా తేడానే, ఎందుకంటే ఆరితే కాగితం కుంచించుకుపోతుంది. దిమ్మకు రంగు పూసి, కాగితం పరిచి, వెదురు పొర చుట్టిన గుండ్రటి బిళ్లతో వెనక నుంచి రుద్దుతారు. ఆకాశం పైన ముదురుగా మొదలై కిందికి వచ్చేసరికి పలచబడిందంటే, అచ్చు వేసే మనిషి ప్రతి కాగితానికీ దిమ్మ మీద ఆ రంగును చేత్తో అలా తేల్చి ఉంటాడు. ఇలా ఒకే కాగితాన్ని పదుల సార్లు దిమ్మల మీద వేస్తారు. 1937లో జపాన్‌లోని నిక్కో పట్టణపు యోమేయ్ ద్వారం బొమ్మకు 96 సార్లు వేశారు.

1926 నాటి తెరచాప పడవలు చూడండి. జపాన్ దీవుల మధ్య ఉన్న సేతో సముద్రం మీద అవే పడవలు, అవే దిమ్మలు. పొద్దున పచ్చటి నారింజ వెలుగు నీళ్ల మీద పరుచుకుని ఉంటుంది. పొగమంచు బొమ్మలో వెనక పడవలు దాదాపు కనపడవు. రాత్రి బొమ్మలో అంతా నీలమే. మార్చింది రంగులే, అయినా గాలిలో చల్లదనం కూడా మారినట్టుంటుంది. బొమ్మను పెయింటింగ్ అనేస్తే చూసేవాడికి పోయేది ఈ సంగతే. ఒకే దిమ్మల నుంచి వేర్వేరు వేళలు పుట్టాయని ఎవరూ చెప్పకపోతే అతనికి ఎలా తెలుస్తుంది?

తాజ్ కథా అంతే. 1930 చివర్లో పెద్దకొడుకు తోషిని వెంటబెట్టుకుని ఆయన మన దేశం వచ్చారు. ఆగ్రా, కాశీ, ఉదయపూర్, సాంచి, అజంతా, ఎల్లోరా, మధుర మీనాక్షి గుడి తిరిగారు. కొండలంటే ప్రాణం కాబట్టి కాంచన్‌జంగనూ వదల్లేదు. తిరిగి వెళ్లాక 1931, 32ల్లో ఆ అచ్చులు వచ్చాయి. తాజ్‌ను పొద్దుటి మంచులో ఒకసారి, రాత్రి వేళ ఒకసారి అవే దిమ్మలతో తీశారు. మనం ఎంతో గొప్పగా చెప్పుకునే కట్టడాల్ని అంత శ్రద్ధగా చూసిన మనిషి పేరు వేయడానికి మన పేజీల్లో ఒక్క లైను దొరకదా?

ఆయన 1950లో పోయారు. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయాక 60 ఏళ్లకు కాపీరైట్ తీరుతుంది. కనుక 2010తో ఆయన బొమ్మలు అందరివీ అయిపోయాయి. ఎవరైనా వేసుకోవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. అందుకే నేను అడుగుతున్నది మర్యాద గురించి. డబ్బు అడిగేవారు ఎలాగూ లేరు, కనీసం పేరైనా ఇద్దాం. చిత్రకారుడి పేరు, ఏడాది, ‘చెక్క అచ్చు చిత్రం’ అన్న మాట, ఈ మూడూ ఒక్క లైనులో పడతాయి. చోటు లేదంటారేమో. బొమ్మను కాస్త చిన్నది చేస్తే అంచు కూడా వచ్చేస్తుంది. నిజానికి దిమ్మలు చెక్కినవాళ్ల పేర్లు, అచ్చులు వేసినవాళ్ల పేర్లు కూడా ఉంటే బాగుండేది. ఆ అరచేతుల కష్టం మీద నిలబడిన కళ ఇది. ఆ పేర్లు చాలా బొమ్మల మీద లేవు, అది మనం ఇప్పుడు సరిదిద్దగలిగింది కాదు. సంతకం ఉన్నచోట దాన్ని చెరిపేయకుండా ఉండటం మాత్రం మన చేతిలో పని. పాఠ్యపుస్తకాలు వేసేవాళ్లకూ ఇదే మనవి. పిల్లలకు ‘అచ్చు’ అంటే కంప్యూటర్ ప్రింటరే గుర్తొస్తోంది.

ఇంకొక విషయం, ఇది డబ్బుకు సంబంధించింది. ‘ఒరిజినల్ జపాన్ ప్రింట్’ అంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లున్నారు. యోషిదా దగ్గరుండి వేయించిన వాటికి ఎడమ అంచులో పైన ఒక ముద్ర ఉంటుంది, కింద పెన్సిల్ సంతకం ఉంటుంది. ఆయన తర్వాత కుటుంబంవాళ్లు అవే దిమ్మలతో తీసినవి కూడా చెక్క అచ్చులే, కానీ వాటికి ఆ ముద్ర ఉండదు, ధరా తక్కువే ఉండాలి. మెషిన్ మీద తీసిన పోస్టర్లు మూడో రకం. అంచు తీసేసిన ఫొటో చూపిస్తే కొనేవాడు ఈ మూడింటిలో ఏది కొంటున్నాడో చెప్పుకోలేడు. ఇలాంటి అమ్మకాల ప్రకటనలు మీ పత్రికకు వచ్చినప్పుడు, అంచుతో సహా ఫొటో పంపమని అమ్మేవాళ్లను అడగండి.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు