పిల్లలు నడిచి చేసిన మ్యాప్: ఈ ఏడాది నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ సమావేశాలు, మొక్కలు నాటడం లాంటివి అనుకున్నట్టే జరిగాయి కాబట్టి వాటి గురించి విడిగా రాయడం లేదు. ఈ ఏడాది మన సమయం, ఓపిక ఎక్కువగా తీసుకున్నది స్కూలు పిల్లలతో తమ పరిసరాల మ్యాప్ చేయించే పనే.

ముందు మేం చేసిన పొరపాటు చెబుతాను. మొదటి విడతలో పిల్లల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, శాటిలైట్ ఫొటో చూసి పిన్నులు, అంటే మ్యాపు మీద చోటును చూపే గుర్తులు, పెట్టమన్నాం. కాసేపట్లోనే మ్యాప్ నిండిపోయింది, కానీ ఏ పిన్ను నొక్కినా పేరు తప్ప ఇంకేం లేదు, వాళ్లకు తమ పరిసరాల గురించి కొత్తగా తెలిసిందీ లేదు. దాంతో పద్ధతి మార్చాం. నడిచి వెళ్లాలి, అక్కడ చాలాకాలంగా ఉంటున్న ఒకరిని ఒక ప్రశ్న అడగాలి, వాళ్లు చెప్పింది పిన్నులో రాయాలి.

ఇది ఎందుకో పిల్లలకు చెప్పడానికి జాన్ స్నో గారి పటం చూపించాం. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు ఈ డాక్టరు చనిపోయినవాళ్ల ఇళ్లను పటం మీద చిన్న చిన్న గీతలతో గుర్తించారు, అవి ఎక్కువగా బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూనే కనిపించాయి. అయితే ఆయన ఇళ్లకు వెళ్లి ఎవరు ఏ నీళ్లు తాగారో అడిగారు కూడా. పిల్లలకు బాగా పట్టింది ఈ రెండో మాటే.

ఒక పాప పెట్టిన బస్ స్టాప్ పక్క వీధిలో పడింది. అక్షాంశ రేఖాంశాల్లో దశాంశ బిందువు తర్వాత మూడు అంకెలే రాసింది. మూడో అంకెలో ఒకటి తేడా వస్తే అక్షాంశంలో నేల మీద దాదాపు 110 మీటర్లు, అదే ఐదో అంకెలో అయితే మీటరు చిల్లర. ఇది తెలిశాక ఆ పాప తన పట్టిక మొత్తం తిరిగి రాసింది, ఎవరూ చెప్పకుండానే.

చక్రాల కుర్చీలో తిరిగేవాళ్ల కోసం మ్యాపులో విడిగా ఒక లేయర్ (పొర) పెట్టాం, ఎక్కడ ర్యాంప్ ఉంది, లేకపోతే మెట్లు ఎన్ని. నా ఉద్దేశంలో ఈ ఏడాది మనం చేసిన అన్నిటికన్నా మంచి పని ఇదే. ర్యాంపుల్లాంటి, ఎవరైనా వెళ్లి సరిచూసుకోగల విషయాల్ని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో కూడా ఎక్కించాం. 2004లో మొదలైన ఆ మ్యాపును ఎవరైనా దిద్దవచ్చు, కానీ గూగుల్ మ్యాప్స్ నుంచి ఎత్తి రాయకూడదు. పెద్దవాళ్ల జ్ఞాపకాలు మాత్రం మన సొంత మ్యాపులోనే ఉంచాం.

ఒక విషయంలో మాకు చాలా టెన్షన్ వచ్చింది. ఒక బాబు తన ఇంటి మీద పిన్ను పెట్టి పేరు, ఫోన్ నంబరు రాశాడు, అప్పటికి ఆ లింకు ఎవరైనా తెరిచేలా ఉంది. వెంటనే తీసేశాం. ఇకపై ఎవరి ఇల్లూ, ఏ పిల్లల పేరూ, ఫొటో మ్యాపులో ఉండవు, పెద్దవాళ్ల మాటలు కూడా వాళ్లను అడిగాకే పెడతాం.

వచ్చే ఏడాదికి రెండు కావాలి. ప్రతి బృందంతో నడవడానికి ఇద్దరు పెద్దవాళ్లు, మీ దగ్గరున్న పాత ఫొటోలు. ఫొటో వెనక ఏడాది, అది ఎక్కడ తీశారో రాసి ఇవ్వండి, స్కాన్ చేసి తిరిగి ఇచ్చేస్తాం.