తోటను టైల్స్ కింద పూడ్చకండి

సంపాదకులకు,

మా ఊరి పాత జమీందారీ తోట గురించి పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో వార్త వచ్చింది. ఆ రోజే రాయాలనుకున్నాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను, తగ్గలేదు. ఆధునికీకరణ అని పెద్ద అక్షరాలతో వేశారు. రంగు టైల్స్ బాట, ఫౌంటెన్, సెల్ఫీల కోసం నిలబెట్టిన గుండె ఆకారపు ఇనుప చట్రం ఫొటోలో బాగానే కనిపించాయి. ఆ చట్రం ఉన్న చోట ఇంతకుముందు ఏముండేదో మాత్రం ఒక్క వాక్యం లేదు. అక్కడ మొగలి పొద ఉండేది. మొగలిపూలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) సాధించుకున్న మన ఒడిశా గంజాం జిల్లాలో మొగలి పొద నరికి ఇనుప గుండె పాతారంటే ఏమనాలి?

నేను ముప్పై ఏళ్ల కిందట శ్రీకాకుళం వైపు నుంచి కోడలిగా ఈ ఊరు వచ్చాను. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, కొట్లో తెలుగు. పదేళ్లు ఒడియా అవసరమే రాలేదు. మా అత్తగారిని ఆసుపత్రిలో చేర్చిన రాత్రి నర్సు ఏదో గట్టిగా చెబుతుంటే ఒక్క ముక్క అర్థం కాక, మందుల చీటీ పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. అప్పుడు నాకు 36 ఏళ్లు. ఆ వయసులో ఏం వస్తుందిలే అన్నవాళ్లే అందరూ.

ఆ తోట మండపంలో సాయంత్రం ఐదున్నరకు, ఉద్యోగ విరమణ చేసిన ఒక ఒడియా మాస్టారు మాలాంటివాళ్లకు ఉచితంగా చదువు చెప్పేవారు. కిరాణా కొట్లవాళ్లు, దర్జీలు, గృహిణులు కలిసి పదిహేను మందిమి ఉండేవాళ్లం. మొదటి నెల పుస్తకం తెరవనివ్వలేదు. తోటమాలిని వెంటబెట్టుకుని చెట్ల మధ్య తిప్పేవారు. ఉత్తరపు గోడ పక్కనున్న పెద్ద చెట్టు చూపించి మాలి దాని పేరు అడిగితే నేను "చింత" అన్నాను. ఆయన కంగారుగా నా ముఖంలోకి చూసి "కి చింతా, మా?" అన్నారు. ఒడియాలో చింతా అంటే దిగులు, చెట్టు కాదు. ఆ చెట్టు పేరు తెంతుళి అని నాచేత మూడుసార్లు పలికించారు. అలా పొగడ బఉళ అయింది, పొన్న పొలాంగ అయింది, మొగలి కియా అయింది. పనస దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ఒకే మాట అన్నాం, ఆయన ణకారంతో, నేను నకారంతో. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ఈ భాష నాకు వస్తుందని మొదటిసారి నమ్మాను. హిందీలా మాట చివర హల్లుతో తెగిపోదు, మనలాగే అచ్చుతో ముగుస్తుంది. క్రియకు ఆడ మగ తేడా లేదు. నేర్చుకున్నవాళ్లకే తెలుస్తుంది అది ఎంత హాయో.

పెద్ద వయసులో నేర్చుకుంటే యాస పూర్తిగా పోదు, నిజమే. నాదీ పోలేదు. కానీ మాటలు, వాక్యం కట్టే తీరు పెద్దవాళ్లు మొదట్లో పిల్లలకన్నా త్వరగానే పట్టుకుంటారు, అవసరం తరుముతుంది కాబట్టి. 1992 దాకా మన గంజాం జిల్లాలోదే అయిన పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర అనే గిరిజన భాష నేర్చుకున్నారు. సవరలే ఆయనకు గురువులు. ఆ చదువే 1931లో సవర వ్యాకరణంగా, 1938లో సవర నిఘంటువుగా అచ్చయింది. ఏటా ఆగస్టు 29న ఆయన పటానికి దండ వేసే మనవాళ్లలో ఎంతమంది పక్కింటివాళ్ల భాష నేర్చుకున్నారు? మా వీధిలోనే నలభై ఏళ్లుగా ఉంటూ ఒడియాలో కరెంటు బిల్లు చదవలేని పెద్దమనుషులున్నారు. అధికారులను తిట్టే ముందు ఈ మాట చెప్పుకోవాలి.

ఇక అధికారుల సంగతి. మాస్టారు, మాలి కలిసి రేకు ముక్కల మీద చెట్ల పేర్లు రాయించారు. పైన ఒడియా, కింద తెలుగు, ఆ కింద శాస్త్రీయ నామం. చెట్టుకు మేకు కొట్టకుండా కొబ్బరి తాడుతో కట్టారు. చెట్టు లావెక్కుతుందని మాలి ఏటా తాడు వదులు చేసేవారు. పనులు మొదలైన వారంలోనే ఆ రేకులన్నీ పీకేశారు. ఎందుకని అడిగితే "పాతవి, బాగాలేవు" అన్నారు. మొన్న కాపలా గదిలోకి తొంగిచూశాను. సిమెంటు బస్తాల కింద పడి ఉన్నాయి. పొగడ చెట్టు రేకు నడిమికి వంగిపోయి ఉంది. మండపానికి తాళం వేశారు, టీ కొట్టుకు వేలం వేస్తారట. మాలి రిటైరై ఏళ్లయింది, ఆయన స్థానంలో ఎవరినీ వేయలేదు. గుత్తేదారు పంపే కూలీలు రోజుకొకరు. ఏది గడ్డో, ఏది మొక్కో వాళ్లకు చెప్పేవాళ్లు లేరు. ఆ తప్పు కూలీలది కాదు. చెట్టు పేరు తెలియని అధికారి చెట్టు మీద సంతకం పెడుతున్నాడు. ఉద్యానవనం అనే మాటకు బెంచీలూ దీపాలూ అని అర్థం ఎప్పుడు మారిందో ఎవరైనా చెబితే తెలుసుకుంటాను.

సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండు వైద్యుడు 1793లో కలకత్తా తోటకు వెళ్లకముందు కోరమాండల్ తీరపు మొక్కలను బొమ్మలు వేయించి, వాటి తెలుగు పేర్లతో సహా నమోదు చేశాడు. మన సోమిద చెట్టు పేరు నేటికీ దాని శాస్త్రీయ నామంలో ఉంది. పరాయి దేశం నుంచి వచ్చినవాడికి ఇక్కడి పేర్లు విలువైనవయ్యాయి, మన కార్యాలయానికి చెత్త అయ్యాయి.

చారిత్రక ఉద్యానాలను ఎలా కాపాడాలో 1981లో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో నిపుణులు నియమావళి రాశారు. పాత తోటను సజీవ స్మారకంగా చూడాలన్నారు. ముందు క్షుణ్ణంగా పరిశోధించకుండా పునరుద్ధరణ పని మొదలుపెట్టవద్దన్నారు. శిక్షణ ఉన్నవాళ్ల నిరంతర సంరక్షణ కావాలన్నారు. ఇక్కడ పరిశోధన మాట అటుంచి, చెట్ల లెక్క కూడా తీయలేదు. ఢిల్లీలో చెట్ల మొదళ్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. మా పొగడ చెట్టు మొదలుకు జానెడు మట్టి కూడా వదలలేదు. పోసిన నీళ్లు టైల్స్ మీదుగా కాలువలోకి పోతున్నాయి. ఈ ఏడు పూత రాలింది, నేల మీద వాసన లేదు. పూలు మట్టిలో పడి ఉంటే తెల్లవారాక కూడా వాసన వచ్చేది. ఇప్పుడు ఆరు గంటలకే చీపురుతో ఊడ్చి డబ్బాలో వేస్తున్నారు.

టైల్స్ వేయడం మిగిలిన పడమటి సగంలోనైనా పని ఆపండి. మొదళ్ల చుట్టూ సిమెంటు పగలగొట్టండి. మండపాన్ని వేలం వేయకుండా సాయంత్రం చదువుకు వదలండి. ఒడియా నేర్చుకోవాలనే తెలుగువాళ్లు, తెలుగు నేర్చుకోవాలనే ఒడియావాళ్లు ఈ ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. మాలి పక్క ఊళ్లో కూతురి దగ్గర ఉన్నారు. చూపు తగ్గింది, ఆకు నలిపి వాసన చూసి ఇంకా పేరు చెబుతున్నారు. ఆయనను ఒకసారి రిక్షాలో తీసుకొచ్చి తోటంతా తిప్పి, పేర్లు రాసుకోవడానికి ఏ అధికారికి తీరిక ఉందో చెప్పండి. నా పాత నోటు పుస్తకంలో 64 పేర్లున్నాయి. మాస్టారు ఎర్ర సిరాతో దిద్దిన తప్పులతో సహా జిరాక్స్ తీయించి ఇస్తాను.

ఒక పాఠకురాలు,
గంజాం జిల్లా, ఒడిశా